బ్రిట్టాకు ఒంట్లో బాగోలేదా?

మార్డెల్ టాలెఫ్సన్‌కు ఆ వేసవంతా ఒకటే దిగులు: తన కళ్ళ సంగతి ఊళ్ళో ఎవరికైనా తెలిసిపోతుందేమోనని. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయనీ, ఆపరేషన్ చేయించుకోవడం మంచిదనీ కళ్ళ డాక్టరు జూన్‌లోనే చెప్పాడు. "సీజను అయ్యాక చూద్దాం లెండి" అని లేచి వచ్చేసింది. ఆ మాట భర్త వెర్లిన్‌కు కూడా చెప్పలేదు. ఫొటోలు తీసే మనిషికి చూపు మందగించిందని తెలిస్తే ఇంకెవరు పిలుస్తారు?

సీజనంటే జూలై నుంచి అక్టోబరు దాకా. బడి చివరి ఏడాదిలోకి వచ్చిన పిల్లల్ని మా మిన్నెసోటా పల్లెల్లో సీనియర్లంటారు. ఆ ఏడాది ప్రతి సీనియరుకూ ఆరుబయట, ఎండ వెలుగులో ఫొటోలు తీయించి తీరాల్సిందే. మా హాల్వర్ ఊళ్ళో పెళ్ళి ఫొటో లేని ఇళ్ళున్నాయి గానీ సీనియర్ ఫొటో లేని ఇల్లు లేదు. ఒకటి బడివాళ్ళు ఏటా వేసే పుస్తకంలోకి, ఒకటి అమ్మమ్మకి, ఒకటి నాయనమ్మకి, చిన్నవి స్నేహితులకు పంచడానికి. ఇవన్నీ ఒక ఎత్తు, మెయిన్ రోడ్డు మీద దీపస్తంభాలకు కట్టేది ఒక ఎత్తు. నిలువెత్తు గుడ్డ మీద ఒక్కో సీనియరు ముఖం అచ్చేయించి వేలాడదీస్తారు. ఏడాది పొడుగునా ఆ పిల్లలు ఊరి మీద నవ్వుతూనే ఉంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ నవ్వులన్నీ మార్డెల్ చేతి మీదుగా పోయినవే.

బ్రిట్టా ఆసెన్ ఫొటోలు ఆగస్టు చివర్లో తీసింది. బ్రిట్టా తాత ఆర్విన్ ఒకప్పుడు పాడి నడిపిన కొట్టం దగ్గర, సూర్యుడు మొక్కజొన్న చేల మీదకి దిగాక. పిల్లది ఎర్రజుట్టు, ముఖం నిండా గోధుమరంగు చుక్కలు. మార్డెల్ ఆమెను ఎండకు వీపు పెట్టి నిలబెట్టింది. జుట్టు అంచుల్లో వెలుగు పట్టింది. నీడలో ఉన్న ముఖం మీదకి తల్లి జానెల్ పెద్ద తెల్ల అట్ట పట్టుకుని వెలుగు మళ్ళించింది.

"గడ్డం కాస్త కిందికి. ఇంకాస్త. అదిగో, అలా ఉండు. ఊపిరి పీల్చుకోవడం మానకు తల్లీ, నేనేం చంపన్లే."

"దోమలు చంపేస్తున్నాయి మార్డెల్ గారూ."

"కుట్టనీ. దద్దుర్లు నేను తీసేస్తాగా."

"దద్దుర్లు తీసేయండి, నా చుక్కలు మాత్రం తీయకండి. పక్కూళ్ళో ఒకమ్మాయికి ఎవరో తీసేస్తే వాళ్ళ కుక్క కూడా గుర్తుపట్టలేదంట."

"కుక్కకి ఫొటోలెవరు చూపించారే?" అంది తల్లి అట్ట వెనకనుంచి.

మార్డెల్ నవ్వింది గానీ ఆమె ప్రాణం కెమెరా వెనకున్న చిన్న తెర మీద ఉంది. అందులో ఆమెకు సగం ఆనింది, సగం ఆనలేదు. ఈ రోజుల్లో కెమెరాయే కంటిపాపను వెతికి పట్టుకుంటుంది కాబట్టి సరిపోయింది. అయినా నమ్మకం చాలక తీసిందే మళ్ళీ తీసింది, మళ్ళీ తీసింది. వెలుగు పూర్తిగా పోయేదాకా ఆ పిల్లను వదల్లేదు.

ఫొటోలకు మెరుగులు దిద్దడంలో మార్డెల్‌కు ఒకే నియమం. రెండు వారాల్లో దానంతటదే పోయేదాన్ని తీసేయాలి, ఉండిపోయేదాన్ని ఉంచేయాలి. మొటిమ పోతుంది, తీసేయ్. పుట్టుమచ్చ ఉంటుంది, ఉంచేయ్. బ్రిట్టా చుక్కల్ని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. దోమ కుట్టిన దద్దుర్లూ, ఎండకి ఎదురుగా లేచిన పోచల్లాంటి వెంట్రుకలూ తీసేసింది. ఇంటి కిందగదిలో, కంప్యూటరు తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టగలిగేంత పెద్దవి చేసి చూసుకుంది. మసక ఎక్కడా లేదు. అప్పుడు గాని గుండె కుదుటపడలేదు.

ఇక మిగిలింది రంగు. సాయంత్రపు ఎండ ముఖానికి పసుపు పూస్తుంది. అది కొంచెం ఉంటేనే అందం, ఎక్కువైతే తగ్గించాలి. ఆ ఏడాది ఎందుకో పసుపు మరీ ఎక్కువగా పడిందనిపించింది. పైన కెనడా అడవులు తగలబడుతున్నాయి, ఆ పొగ వల్ల కాబోలు అనుకుంది. ఒక్కో ముఖం నుంచీ పసుపు కొంచెం కొంచెంగా లాగేస్తూ పోయింది, తన మనసులో ఉన్న చర్మం రంగు తెర మీద కనిపించేదాకా. బ్రిట్టాకు చాలానే లాగాల్సి వచ్చింది.

ఫొటోలు అందుకోవడానికి వచ్చిన జానెల్ వంటింటి బల్ల దగ్గర నిలబడి వాటినే చూస్తూ ఉండిపోయింది. మార్డెల్ ఆమె ముఖాన్నే చూస్తోంది.

"ఎలా ఉన్నాయమ్మా?"

"ఊ... బాగున్నాయి మార్డెల్ గారూ. ఈసారి కొంచెం... కొత్తగా ఉన్నాయి."

"కొత్తగానా?"

"అదే, బాగున్నాయని. కొట్టం చాలా బాగా వచ్చింది."

కొట్టం బాగా వచ్చిందట! మా వైపు మనుషులకు ముఖం మీద ఒక మాట చెప్పడమంటే మహాపాపం. పక్కింటాయన ట్రాక్టరు వీళ్ళ పూలమడిలోంచి పోయినా, "కొత్త ట్రాక్టరా? బాగుందే!" అంటారు. కాబట్టి "కొత్తగా ఉన్నాయి" అన్న మాట విని మార్డెల్ గుండెల్లో రాయి పడింది. జానెల్ వెళ్ళాక మళ్ళీ కిందికి దిగి ఫొటోలన్నీ పెద్దవి చేసి చూసింది. రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. మరి ఏమిటి?

ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఒకావిడ "మీ ఓపికకి మెచ్చుకోవాలండీ" అంది. ఒకాయన ఫ్రేము చాలా గట్టిదన్నాడు. దీపస్తంభాలకు బొమ్మలు కట్టిన ఆదివారం, చర్చి కిందగదిలో కాఫీ దగ్గరికి మార్డెల్ వెళ్ళేసరికి నలుగురు ఆడవాళ్ళు చప్పున మాట మార్చి, గుమ్మడికాయ కేకులో దాల్చినచెక్క ఎక్కువైందా తక్కువైందా అని వాదించుకోసాగారు. తేలు కుట్టిన దొంగలా మార్డెల్ కాఫీ తాగేసి బయటపడింది. తెలిసిపోయింది, కళ్ళ సంగతి ఎలాగో తెలిసిపోయింది అనుకుంది. మెయిన్ రోడ్డంతా కారులో నెమ్మదిగా తిరిగి ప్రతి బొమ్మనూ చూసింది. పిల్లలు చక్కగా నవ్వుతున్నారు. ఎక్కడా ఏమీ కనిపించలేదు.

ఆ వారంలోనే ఆర్విన్ ఫోన్ చేశాడు.

జానెల్ తండ్రి ఆర్విన్ ఎనభై దాటిన మనిషి. ఊరి చివర వృద్ధాశ్రమంలో ఉంటున్నాడు. మనవరాలి ఫొటో ఒకటి ఆయన మంచం ఎదురుగా గోడకు పెట్టారు.

"ఫొటోల అమ్మాయివేనా?" అన్నాడు. అరవై దాటిన మార్డెల్‌ను ఊళ్ళో అమ్మాయి అనేవాడు ఆయనొక్కడే.

"నేనే ఆర్విన్ గారూ. ఎలా ఉన్నారు?"

"నా సంగతి వదిలెయ్. బ్రిట్టాకి ఏం జబ్బు?"

"జబ్బేంటండీ?"

"ఇదిగో, నువ్వూ మొదలెట్టావా? ఆ పిల్ల మొహాన్ని గంటలకొద్దీ చూసింది నువ్వే గదా. నలభై ఏళ్ళు ఆవుల్ని సాకినోణ్ణి నేను. అలాంటి రంగున్న దూడ నా కొట్టంలో ఉంటే ఒక చేత్తో డాక్టరుకి ఫోన్ చేసి, రెండో చేత్తో పార వెతుక్కునేవాణ్ణి."

"అలా అనకండి. పిల్ల నిక్షేపంగా ఉంది."

"జానెలూ అదే మాట. నర్సూ అదే మాట. పాస్టరు కూడా వచ్చి అదే మాట. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే ఏదో ఉందన్నమాట. కాదూ?"

పెద్దాయనకు మతి తప్పుతోందని సరిపెట్టుకోబోయింది మార్డెల్. కానీ ఫోన్ పెట్టేశాక ఆ మాట మనసులో ముల్లులా దిగింది. ఆయన చెప్పింది రంగు గురించి. నిజంగానే ఆ పిల్ల పాలిపోయి ఉంటే? తాను అంత దగ్గరగా, అంతసేపు చూసి కూడా పట్టుకోలేకపోయి ఉంటే? మసక కళ్ళతో పిల్ల జబ్బును కూడా దద్దుర్లతో పాటు చెరిపేసి ఊరుకుందా?

మర్నాడు పనేమీ లేకపోయినా కిరాణా దుకాణానికి వెళ్ళింది. బడి అయ్యాక బ్రిట్టా అక్కడ డబ్బులు తీసుకునే బల్ల దగ్గర పనిచేస్తుంది. మార్డెల్ ఒక నిమ్మకాయ తెచ్చి బల్ల మీద పెట్టి, పిల్ల ముఖంలోకి తేరిపార చూసింది. చెంపలు చూసింది. కళ్ళ కింద చూసింది. పెదాలు చూసింది.

"ఒక్క నిమ్మకాయేనా మార్డెల్ గారూ?"

"ఆ? ఆ, ఒక్కటే. ఒంట్లో ఎలా ఉంది తల్లీ? అలసట గట్రా?"

"లెక్కల పరీక్ష ఉంది, అది తప్ప బానే ఉన్నా. ఏంటలా చూస్తున్నారు? మొటిమ వచ్చిందా?"

"లేదులే. రాత్రులు నిద్ర పడుతోందా?"

బ్రిట్టా రెండడుగులు వెనక్కి వేసింది. "మీకు మా తాతయ్య ఫోన్ చేశాడా?" అంది నెమ్మదిగా. ఆ అడగడంలో ఏదో తెలిసిన ధోరణి ఉంది. మార్డెల్ నిమ్మకాయ కూడా తీసుకోకుండా బయటికి వచ్చేసింది.

ఆర్విన్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"అమ్మాయ్, ఒక మాట చెప్తాను, విను. మా ఆవిడ లవోన్‌కి జబ్బు చేసినప్పుడు డాక్టరు నన్నొక్కణ్ణే పిలిచి చెప్పాడు. ఆవిడకి చెప్పొద్దన్నాడు. ఆ రోజుల్లో అలాగే చేసేవాళ్ళు. నేను ఆ చలికాలమంతా రోజూ పొద్దున్నే 'బాగున్నావే, ఇవాళ మొహం తేటగా ఉందే' అంటూ గడిపాను. ఆవిడేమో నవ్వి ఊరుకునేది. ఆ మాట ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇప్పుడందరూ నాకు అదే మాట చెప్తున్నారు, అదే గొంతుతో. నన్ను పసిపిల్లాణ్ణి చెయ్యకండి. ఆ పిల్ల ఉండదంటే నాకు చెప్పండి. నేను చెప్పుకోవాల్సినవి ఉన్నాయి దానికి."

మార్డెల్‌కు ఏడుపు వచ్చింది. "నాకు నిజంగా ఏమీ తెలీదండీ" అంది.

"పోనీ చూసి చెప్పు. నీకు కళ్ళున్నాయి గదా."

చూసి చెప్తానని ఫోన్ పెట్టేసింది. సాయంత్రం వెర్లిన్ ధాన్యం గిడ్డంగి నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే అతని ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు. ఈ ఏడాది నా ఫొటోలు ఎలా ఉన్నాయి?"

వెర్లిన్ బూటు లేసు వైపే చూస్తూ, "బానే ఉన్నాయి గదా" అన్నాడు.

"బ్రిట్టాది?"

"అదీ... బానే ఉంది. మోడరన్‌గా ఉంది."

"నాకు రెండు కళ్ళల్లో శుక్లాలున్నాయి. జూన్‌లోనే చెప్పారు. నీ దగ్గర దాచాను."

వెర్లిన్ తల ఎత్తాడు. అతని ముఖంలో ఆశ్చర్యం కన్నా, ఏదో బరువు దిగినట్టుండటం చూసి ఆమెకు ఇంకా భయం వేసింది. "రేపే డాక్టరుకి ఫోన్ చేద్దాం" అన్నాడతను.  సీజనింకా పూర్తి కాలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లల ఫొటోల్ని వెనక్కి జరపాల్సి వచ్చింది. ఆమెకు అవేవీ పట్టలేదు. ఆ పిల్ల ముఖంలో ఏముందో చూడాలి, అంతే.

ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు డాక్టరు కంటి మీద డొప్ప తీశాక ఇంటికి వచ్చి వంటింట్లోకి అడుగు పెట్టి ఆగిపోయింది. తాను మీగడ రంగనుకుంటున్న బీరువాలు తెల్లగా ఉన్నాయి. పాలలా తెల్లగా. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే మళ్ళీ పలచటి టీ నీళ్ళలోంచి చూసినట్టుంది. కుడి, ఎడమ. ఎడమ, కుడి. వెర్లిన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. మార్డెల్ కిందగదికి దిగింది.

తెర మీద బ్రిట్టా ఉంది. రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చెంపలు బూడిద కలిసిన నీలం. పెదాలు ఊదా. ఎర్రజుట్టు చల్లారిన నిప్పు రంగులో ఉంది. చెరువులోంచి తీసి ఒడ్డున పెట్టిన పిల్లలా ఉంది. దాని వెనక ఫొటో, దాని వెనకది, ఆ వేసవిలో ముట్టుకున్న ప్రతి ముఖమూ అంతే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించిందంటారు. ఈమె అక్కడితో ఆగకుండా, లోకంలోంచి ఆ పచ్చదనాన్నంతా తోడేసింది. పసుపు ఉన్నది ఎండలో కాదు, పొగలో కాదు, తన కంట్లో.

"మసకే చూసుకుంటూ కూర్చున్నాను," అంది గట్టిగా, ఎవరూ లేని గదిలో. "రంగు చూసుకోలేదు."

కారు తీయమంది. మెయిన్ రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి వెర్లిన్ నెమ్మదిగా నడిపాడు. ప్రతి స్తంభం మీదా ఒక నీలి పిల్లవాడు, ఒక నీలి పిల్ల, పళ్ళు బయటపెట్టి నవ్వుతూ. ట్రాంబోను పట్టుకున్నవాడు, ఫుట్‌బాల్ చొక్కా వేసుకున్నవాడు, గుర్రం పక్కన నిలబడ్డ పిల్ల. గుర్రం కూడా నీలమే.

"నీకు తెలుసు," అంది.

"ఆ... కొత్త ఫ్యాషనేమో అనుకున్నాను."

"వెర్లిన్."

"మొదట్లో అనుకున్నాను. తర్వాత నీకేదో అయిందనుకున్నాను. నువ్వే చెప్తావని చూశాను. ఊళ్ళో కూడా అందరూ అలాగే అనుకున్నారు మార్డీ. నువ్వు బాధపడతావని."

"ఊళ్ళో అందరూనా?"

"చర్చిలో ఒకసారి మాట్లాడుకున్నారు. ఎవరు చెప్పాలా అని. కాఫీ అయిపోయింది గానీ తేలలేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరంతా కలిసి తన ముందు వరసగా నిలబడి బాగుంది, బాగుంది, ఫ్రేము గట్టిది అన్నారు. వాళ్ళ పిల్లలు శవాల్లా స్తంభాలకు వేలాడుతుంటే దాని కిందనుంచే పాలకీ రొట్టెకీ వెళ్ళొచ్చారు. ఒక్క మనిషికి నోరు రాలేదు. ఆపైన ఇంకో ఆలోచన వచ్చి కోపమంతా చల్లబడిపోయింది. ఒక్క మనిషికి వచ్చింది. ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆయనకు మతి తప్పిందనుకుంది తాను.

ఇంటికి రాగానే ఎడమ కంటికి గుడ్డ కట్టుకుని, కుడి కంటితో, మొదట బ్రిట్టా ఫొటోనే మళ్ళీ చేసింది. లాగేసిన పసుపును వెనక్కి పోసింది. చెంపల్లోకి ఎండ వచ్చింది, చుక్కలు గోధుమరంగుకు తిరిగాయి. డాక్టరు వంగొద్దన్నాడు, బరువెత్తొద్దన్నాడు. తెర ముందు కూర్చోవద్దని మాత్రం అనలేదు. అచ్చు తీసి జానెల్‌కు ఫోన్ చేసింది.

"తప్పయిపోయింది జానెల్. నా కళ్ళ వల్ల. అన్నీ మళ్ళీ చేసిస్తాను."

"అయ్యో, ఎందుకండీ శ్రమ! మాకు బానే ఉన్నాయి."

"బాగోలేవమ్మా!" అని అరిచింది మార్డెల్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "బాగోలేవు. మీ నాన్న ఆ ఫొటో చూసి పిల్ల చచ్చిపోతోందని బెంగపెట్టుకున్నాడు. నీకు తెలుసా?"

 "తెలుసు," అంది జానెల్. "ఫొటో అలా వచ్చిందని చెబితే ఎక్కడ మీకు ఫోన్ చేసి తిడతాడోనని... పిల్ల బాగుందనే చెప్తూ వచ్చాం."

"ఫొటో తీసేయొచ్చు గదా గోడ మీంచి."

"మీరు నాన్నని చూడ్డానికి వస్తే, గోడ మీద లేదని నొచ్చుకుంటారని ఉంచాం."

 ఆశ్రమం దగ్గర కలుద్దామని మార్డెల్ ఫోన్ పెట్టేసింది.

వెర్లిన్ ఆమెను గుమ్మం దగ్గర దింపాడు. జానెల్ ఇంకా రాలేదు. ఆర్విన్ కిటికీ పక్కన కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మార్డెల్ కొత్త ఫొటోను ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని వెలుగుకు పట్టి చూశాడు. గోడ మీదున్న దాన్ని చూశాడు. మళ్ళీ చేతిలోది చూశాడు.

"ఎప్పుడు తగ్గింది దీనికి?" అన్నాడు.

"దానికేమీ రాలేదండీ. ఎప్పుడూ ఏమీ లేదు. జబ్బు నా కళ్ళకి. రంగు నేను పాడు చేశాను."

 ఆయన దుప్పటి అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే వాళ్ళు చెప్పింది నిజమే."

"నిజమే. కానీ నాకెవరూ నిజం చెప్పలేదు. మీరొక్కరే చెప్పారు. నేను నమ్మలేదు. నన్ను క్షమించాలి."

"పోనీలే అమ్మాయ్. ఆ దూడకేం కాలేదు, అది చాలు." నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. మార్డెల్ నీళ్ళ గ్లాసు అందిస్తూ ఆయన ముఖంలోకి చూసింది. చూసి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని మళ్ళీ చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. గ్లాసు పట్టుకున్న వేళ్ళ గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఇది ఎవరూ పూసిన రంగు కాదు.

"ఆర్విన్ గారూ, మీ పెదాలు నీలంగా ఉన్నాయి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "కొత్త కన్ను బానే పనిచేస్తోందే."

"ఎప్పటినుంచి?"

"గుండె. డాక్టరు చెప్పాడు, ఎక్కువ కాలం లాగదని. నర్సుకి తెలుసు. జానెల్‌కి చెప్పొద్దన్నాను. పిల్ల బడి అయిపోయేదాకా ఆగితే చాలు. నువ్వూ కడుపులో దాచుకో."

వసారాలో జానెల్ చెప్పుల చప్పుడు వినిపించింది.  ఒక్క మాట చాలు. బాగుందని ఊరంతా మార్డెల్‌కు చెప్పిన మాటే. అది నాలుక మీదే ఉంది, ఎంతో తేలిగ్గా, ఎంతో మర్యాదగా. ఈ పెద్దాయన కోరుకుంటున్నదీ అదే.

జానెల్ మూడు కాఫీలు పట్టుకుని లోపలికి వచ్చింది. తండ్రి చేతిలో కొత్త ఫొటో చూసి ఆమె ముఖం విప్పారింది. "హమ్మయ్య! చూశావా నాన్నా, నేను చెప్పలేదూ?" అని, మార్డెల్ వైపు తిరిగి, "ఈయన కూడా ఇవాళ బాగున్నాడు, కదండీ?" అంది.

ఆర్విన్ మార్డెల్ కళ్ళలోకి చూశాడు.

"లేదమ్మా," అంది మార్డెల్.  "బాగోలేడు. కాఫీలు అక్కడ పెట్టి, వచ్చి మీ నాన్న మొహం చూడు."

జానెల్ కాఫీలు కిటికీ గట్టు మీద పెట్టింది. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన తప్పించుకోబోయాడు, ఆమె వదల్లేదు. చాలాసేపు చూసింది.

"బానే ఉన్నానే," అన్నాడు ఆర్విన్.

"అనకు నాన్నా," అంది జానెల్. "ఆ మాట అనకు."